నిప్పు – నీరు : రుడాల్ఫ్ డీజిల్ జీవితము

వేసవి వచ్చినదంటే మా నర్సాపూరు దారిలో ఒక దృశ్యము తరచుగా కంటబడును. హైదరాబాదు నుండి దుండిగల్, గుమ్మడిదల మీదుగా అడవి దాటి మెదకు వైపు సాగు లారీలలో ఏదో ఒకటి దారి ప్రక్కన ఆగి, ముందరి రేకు పైకెత్తుకొని, ఆవిరి గ్రక్కుచుండును. డ్రైవరు చెట్టునీడన కూర్చుండి తొందరపడక ఎదురుచూచును. కొత్తగా చేరిన క్లీనరు బకెట్టుతో నీళ్ళు తెచ్చి పోయబోగా, పెద్దవాడు చేయి అడ్డము పెట్టి ఆపును. కాగిన ఇనుముపై చన్నీళ్ళు పడినచో అది పగులునని వానికి ఏ పుస్తకమును చెప్పలేదు. చేతికి తగిలిన దెబ్బలే చెప్పినవి.

ఫాలమున అగ్నిని, కంఠమున విషమును ధరించిన శివునకు తలపై గంగ తప్పలేదు. లింగముపై ధారాపాత్ర నుండి బొట్టుబొట్టుగా నీరు పడుచుండవలెనని మన పెద్దలు ఏర్పరచినారు. లోన నిప్పు దాచుకొన్న దేనికైనను పైన చల్లదనము కావలెనను లోకానుభవము ఆ ఏర్పాటులో కనిపించును. ఆ లారీని నడుపు ఇంజనుకు తన పేరిచ్చిన రుడాల్ఫ్ డీజిల్ తొలుత ఈ మాటను అంగీకరింపలేదు. తాను కట్టబోవు యంత్రానికి చల్లార్చు నీటితో పనియే లేదని లెక్కలు వేసినాడు. అనుభవము ఆతనికి పాఠము చెప్పినది. యంత్రము విషయములో ఆ పాఠము నేర్చుకొన్నాడు గాని, తన బ్రతుకు విషయములో నేర్చుకొనలేకపోయినాడు.

డీజిల్ అనునది నూనె పేరుగానే మనలో పెక్కుమందికి తెలియును. అది ఒక మనిషి ఇంటిపేరని ఎరిగినవారు తక్కువ. ఆతడు 1858 మార్చి 18న పారిస్ నగరములో జన్మించినాడు. తల్లిదండ్రులు జర్మనులు. తండ్రి థియొడోర్ బవేరియాలోని ఔగ్స్‌బర్గ్ నుండి వలస వచ్చి, పుస్తకములకు అట్టలు కట్టుచు, తోలు సామానులు చేయుచు కుటుంబాన్ని పోషించినాడు. తల్లి ఎలీజ్ న్యూరెంబర్గ్ వర్తకుల ఇంటి ఆడపడుచు. ముగ్గురు బిడ్డలలో రుడాల్ఫ్ నడిమివాడు. తండ్రి చేసిన సామానులను తోపుడుబండిపై పెట్టి ఇండ్లకు అందజేయుట ఆ బాలుని పని. తీరిక దొరికినప్పుడు పారిస్‌లోని యంత్రకళల ప్రదర్శనశాలకు పోయి, పాతకాలపు ఆవిరిబండి ఎదుట నిలిచి చూచుట ఆతని వినోదము.

1870లో ఫ్రాన్సుకును ప్రష్యాకును యుద్ధము వచ్చినది. పారిస్‌లోని జర్మను కుటుంబములు ఊరు విడువవలసి వచ్చినది. డీజిల్ కుటుంబము లండను చేరి అక్కడ దారిద్ర్యమును అనుభవించినది. ఒక్క నోరైనను తగ్గునని కాబోలు, పండ్రెండేండ్ల రుడాల్ఫ్‌ను ఔగ్స్‌బర్గ్‌లోని బంధువుల ఇంటికి పంపివేసినారు. ఆ ఇంటి యజమాని బార్నికెల్ అక్కడి పారిశ్రామిక పాఠశాలలో గణితోపాధ్యాయుడు. పరాయి పంచన పెరిగిన పిల్లవానికి చదువొక్కటే ఆస్తి. పదునాలుగవ యేటనే తాను ఇంజనీరు కావలెనని తల్లిదండ్రులకు జాబు వ్రాసినాడు. తరగతిలో ప్రథముడుగా నెగ్గి, 1875లో ఉపకారవేతనముతో మ్యూనిక్ పాలిటెక్నిక్‌లో చేరినాడు.

అక్కడ ఆతనికి లభించిన గురువు కార్ల్ లిండె. శీతలయంత్ర నిర్మాణములో లోకప్రసిద్ధుడు. ఆవిరియంత్రము తాను తినిన బొగ్గులోని వేడిలో పదింట తొమ్మిది వంతులు వృథాగా పోగొట్టుచున్నదని లిండె పాఠములలో విన్నప్పటి నుండి డీజిల్ మనసులో ఒక ముల్లు నాటుకొన్నది. ఇంత ఇంధనము కాలి ఇంత తక్కువ పనియా? పోవుచున్న వేడిని నిలుపుటకు మార్గము లేదా? ఆ ముల్లు జీవితాంతము ఆతనిని వదలలేదు. 1879లో విషజ్వరము తగిలి పరీక్షకు కూర్చుండలేక, స్విట్జర్లాండులోని సుల్జర్ కర్మాగారములో పని నేర్చుకొని వచ్చి, 1880 జనవరిలో అత్యున్నతశ్రేణిలో ఉత్తీర్ణుడైనాడు.

గురువు శిష్యుని తన వద్దనే నిలుపుకొన్నాడు. పారిస్‌లో లిండె పద్ధతిపై మంచుగడ్డల కర్మాగారము నిర్మించుటలో తోడ్పడి, సంవత్సరము తిరుగునప్పటికి డీజిల్ దానికి నిర్వాహకుడైనాడు. మిక్కిలి వేడితో పనిచేయు ఇంజనును కనిపెట్టనున్నవాడు యౌవనమంతయు మంచు తయారు చేయుటలో గడిపినాడనుట విచిత్రముగా తోచును; కాని అందులో విచిత్రము లేదు. చల్లదనమును ఎవరును పుట్టింపలేరు. బావిలో నీటిని తోడి పొలములో పోసినట్లు, వేడిని ఒకచోటినుండి తోడి మరియొకచోట పారబోయుటయే శీతలయంత్రము చేయు పని. అమ్మోనియా ఆవిరిని అదిమినచో వేడెక్కును. ఆ వేడిని నీటికి అప్పగించి, ద్రవమైన దానిని మరల విప్పారనిచ్చినచో చుట్టునున్న వేడిని పీల్చుకొనును. అదుముట, వేడెక్కుట, విప్పారుట, చల్లబడుట అను నాలుగు ముక్కలను పదేండ్లు చేతులతో తడిమి చూచినవాడు డీజిల్. 1883లో మార్తా ఫ్లాషెను వివాహమాడినాడు. ముగ్గురు బిడ్డలు కలిగినారు. 1890లో సంస్థ పనిమీద బెర్లినుకు మారినాడు. అమ్మోనియా ఆవిరితోనే నడచు ఇంజనొకటి చేయవలెనని ఏండ్ల తరబడి శ్రమించి, ఫలింపక విడిచినాడు.

అప్పుడు మెరసిన ఊహ ఇది. సైకిలు చక్రానికి గాలి కొట్టునప్పుడు పంపు అడుగుభాగము వేడెక్కుట మనమెరిగినదే. గాలిని ఇంకను ఎన్నో రెట్లు అదిమినచో, అందులో చల్లిన నూనె అగ్గిపుల్ల లేకయే, విద్యుత్తు రవ్వ లేకయే తనంతట తాను అంటుకొనును. ఆ మంట పిస్టనును త్రోయును. 1892 ఫిబ్రవరిలో డీజిల్ ఈ పద్ధతిపై హక్కు కోరినాడు. మరుసటి యేడు అది లభించినది. 1893లోనే ఆవిరియంత్రమును, నాటి ఇతర ఇంజనులను తొలగించి తీరు హేతుబద్ధమైన ఉష్ణయంత్రమును గూర్చి గ్రంథము ప్రకటించినాడు. గాలిని 250 రెట్ల వాతావరణ పీడనముదాక అదుమవలెననియు, ఇంధనమును మెల్లమెల్లగా లోనికి విడిచినచో కాలునప్పుడు వేడి మరింత పెరగకుండ అది వెంటనే పనిగా మారిపోవుననియు ఆతని సిద్ధాంతము. అట్లయినప్పుడు సిలిండరును చల్లార్చుట ఎందులకు? కష్టపడి సంపాదించిన వేడిని నీటిపాలు చేయుట తెలివితక్కువ కాదా? కాగితముపై ఈ వాదములో దోషము కనుగొనుట కష్టము.

ఔగ్స్‌బర్గ్ యంత్రకర్మాగారపు అధిపతి హైన్రిక్ బుట్జ్, ఎసెన్‌లోని క్రుప్ సంస్థ ఈ ప్రయత్నానికి ధనము పెట్టినారు. బాలుడుగా ఇతరుల అన్నము తిన్న ఊరికే డీజిల్ ఇంజనీరుగా మరలి వచ్చినాడు. సిద్ధాంతము ప్రకారమే తొలి నమూనాకు నీటి తొడుగు పెట్టలేదు. 1893 ఆగస్టు 10న కర్మాగారపు బెల్టుతో దానిని త్రిప్పి ఇంధనమును లోనికి విడిచినారు. చెవులు చిల్లులు పడునట్లు ఒక ప్రేలుడు. పీడనమును కొలుచు పరికరము ముక్కలై ఎగిరినది. దగ్గరనున్నవారు ప్రాణములతో బయటపడుట అదృష్టము. ఇంజను నడువలేదు. కాని అదిమిన గాలిలో నూనె అంటుకొనునను మూలసూత్రము నిజమని తేలినది. ఓటమి, గెలుపు ఒకే క్షణమున ఆతని చేతికి వచ్చినవి.

ఇక అక్కడినుండి మూడున్నర సంవత్సరములు సిద్ధాంతములోని అంశములను ఒక్కొక్కటిగా వదలుకొనుటయే పని. 1894 ఫిబ్రవరి 17న ఇంజను ఒక్క నిముసముపాటు 88 చుట్లు తనంతట తాను తిరిగినది. పీడనమును 250 నుండి 30 చిల్లరకు దించవలసి వచ్చినది. మంటలో వేడి పెరుగకుండ ఆపుట అసాధ్యమైనది. సిలిండరు లోపలి గోడలపై నూనెపొర నిలువవలెనన్నను, పిస్టను బిగుసుకొనక ఆడవలెనన్నను గోడలను చల్లగా ఉంచక తప్పదని తేలినది. తరువాతి నమూనాలలో సిలిండరు చుట్టును నీరు పారు తొడుగు చేరినది. ఎవరి ఊహకైనను ఇంతకన్న కఠిన పరీక్ష ఉండదు. తన గ్రంథములో తానే వ్రాసినదానిని తన చేతితోనే కొట్టివేయుచు, మూలసూత్రమును మాత్రము విడువకుండ పట్టుకొని యుండుట సామాన్యులకు సాధ్యము కాదు. లౌస్టర్ అను యువ ఇంజనీరు చిత్రించిన నమూనాను 1897 ఫిబ్రవరిలో ఆచార్య ష్రోటర్ పరీక్షించినాడు. 20 అశ్వబలముల సమీపమున పనిచేసిన ఆ ఇంజను నూనెలోని వేడిలో నూటికి 26.2 వంతులను పనిగా మార్చినది. నాటి ఏ ఉష్ణయంత్రమును ఆ దరిదాపులకు రాలేదు. లోకము ఆశ్చర్యపడినది. ఆ గెలుపులో నీటి తొడుగునకు గల పాలును మాత్రము ఎవరును కీర్తింపలేదు.

ఆ తొడుగు ఏమి చేయునో మన లారీలలో చూడవచ్చును. సిలిండరులో మంట వేడి క్షణకాలము 2000 డిగ్రీల ప్రాంతానికి పోవును. ఇనుము కరుగుటకు అంత అక్కరలేదు. అయినను ఇంజను కరుగదు. ఏలననగా దాని చుట్టు తిరుగు నీరు 80, 90 డిగ్రీల నడుమనే ఉండి, నూనె ఇచ్చిన వేడిలో సుమారు నాలుగవ వంతును ఎప్పటికప్పుడు మోసికొని పోవుచుండును. పంపు ఆ నీటిని త్రిప్పును. రేడియేటరులోని సన్నని గొట్టములలో అది పారునప్పుడు ఫ్యాను గాలి దానిని చల్లార్చును. చల్లబడి మరల ఇంజనుకు పోవును. ఈ ప్రదక్షిణము ఒక్క నిముసము ఆగినను ఆపద మొదలగును.

ఈ మాట నాకు పుస్తకములవలన తెలిసినది కాదు. నా చిన్ననాట మా పెదనాయన బావిమీద ఆయిలింజను ఉండెడిది. పంపు ఎక్కించు నీటిలోనుండియే సన్నని పాయ ఒకటి గొట్టముగుండ ఇంజనులోనికి పోయి, వేడి నీరై కాలువలో పడుచుండును. చలికాలపు ఉదయములందు పిల్లలమందరము ఆ నీటిలో చేతులు పెట్టుకొని కూర్చుండువారము. ఒకనాడు ఆ గొట్టములో నాచు అడ్డుపడినది. నీటిపాయ సన్నగిలినది, ఎవరును గమనింపలేదు. మధ్యాహ్నమునకు ఇంజను మూలిగి, బిగిసి, ఆగినది. పట్నము నుండి మేస్త్రీ వచ్చి బాగుచేయు లోపల పదునైదు దినములు గడచినవి. పొట్టమీదనున్న వరి ఎండినది. అప్పు మాత్రము ఎండలేదు. మరి రెండు పంటలు దానికే పోయినవి. చిటికెన వ్రేలంత గొట్టములో పిడికెడు నాచు ఒక కుటుంబము సంవత్సరపు తిండిని తీసికొనిపోవుట చూచినవాడు ఇంజను చల్లదనమును చిన్న విషయమని అనుకొనలేడు.

మన మెట్టప్రాంతపు బోరునీరు కఠినజలము. నీళ్ళు కాగు గిన్నె అడుగున తెల్లని సుద్దపొర కట్టుట ప్రతి గృహిణియు ఎరుగును. అదియే పొర ఇంజను లోపలను కట్టును. గోరుమందమైనను చాలును, వేడి నీటికి అందక లోహములోనే నిలిచిపోవును. కావుననే శుద్ధజలములో త్రుప్పు పట్టనీయని ద్రవ్యమును కలిపి, కూలెంటు అను పేరుతో వాడుచున్నారు. భారీ ఇంజనులకు మరియొక గండము కలదు. మంట దెబ్బకు సిలిండరు లైనరు సన్నగా కంపించును. దాని వెలుపలి గోడను తాకు నీటిలో సూక్ష్మమైన బుడగలు పుట్టి పగులుచు, లోహమును సూదితో గ్రుచ్చినట్లు తొలుచును. కొన్నాళ్ళకు నీరు లోనికి దిగి ఇంజను నూనెను మజ్జిగవలె చేయును. సరియైన కూలెంటు ఆ గోడపై పలుచని రక్షణపొర నిలుపును. దాని గడువు తీరకముందే మార్చుట ఖర్చు కాదు, పొదుపు.

రేడియేటరు మూత వట్టి మూత కాదు. లోపలి పీడనమును నిలిపి, నూరు డిగ్రీలు దాటినను నీరు మరుగకుండ చేయునది అదియే. వేడిమీద దానిని త్రిప్పినచో ఆవిరి ముఖముమీదికి చిమ్మును. ఎండకాలము వచ్చినదని థర్మోస్టాటును ఊడబెరికించువారు కలరు. అది లేనిచో పెక్కు ఇంజనులలో నీరు రేడియేటరు వైపు పోక అడ్డదారిని తిరుగును. చలువకై చేసిన పని వేడికి కారణమగును. కోతలనాడు వరికోత యంత్రముల రేడియేటరు రెక్కలలో పొట్టు క్రిక్కిరియును. దినమునకు రెండు పర్యాయములైనను లోపలినుండి గాలితో ఊదింపవలెను. బెల్టు బిగువు, రబ్బరు గొట్టముల పగుళ్ళు ప్రతి ప్రొద్దున చూడవలెను. ఇవన్నియు చేయుటకు పది నిముసములు చాలును.

యంత్రానికి తొడుగు వేసిన డీజిల్ తన తలకు వేసికొనలేకపోయినాడు. 1897 తరువాత దేశదేశముల కర్మాగారములు ఆతని హక్కులకై వచ్చినవి. అమెరికా హక్కులకు అడాల్ఫస్ బుష్ పది లక్షల మార్కులు ఇచ్చినాడు. పరగృహములో పెరిగినవాడు కోటీశ్వరుడైనాడు. కాని కొత్త ఇంజనులు కొన్నవారి వద్ద అవి తరచు చెడినవి. ఫిర్యాదులు, వ్యాజ్యములు చుట్టుముట్టినవి. హక్కు ఆతనిది కాదనువారు, ఇంజనులో ఆతని తొలి సిద్ధాంతము మిగులలేదనువారు బయలుదేరినారు. తీవ్రమైన తలనొప్పులు, నిద్రలేమి పట్టుకొని 1898లో వైద్యశాలలో విశ్రమింపవలసి వచ్చినది. అప్పుడైనను నిలిచి ఊపిరి తీసికొనలేదు. మ్యూనిక్‌లో రాజభవనము వంటి ఇల్లు కట్టినాడు. భూముల బేరములలో, వాటాలలో ధనము పోసి పోగొట్టుకొన్నాడు. ఇంజను నడుపుట తెలిసినవానికి వ్యాపారము నడుపుట తెలియలేదు.

ఆతని మనసు మాత్రము ధనముతో ఆగినది కాదు. 1900లో పారిస్ ప్రదర్శనలో ఈ జాతి ఇంజనొకటి పల్లీ నూనెతో నడచినది. నేలనూనె లేని దేశములవారు తమ పొలములో పండిన నూనెతోనే ఇంజను నడుపుకొనవచ్చునను ఆశ దానివలన కలిగినది. డీజిల్ దానిని గూర్చి తరువాత ఉపన్యాసములలో ప్రస్తావించినాడు. 1903లో కార్మికులే కర్మాగారములకు యజమానులు కావలెనను భావముతో గ్రంథము వ్రాసినాడు. దానిని కొన్నవారు బహు కొద్దిమంది. 1912లో సెలాండియా అను ఓడ డీజిల్ ఇంజనులతో కోపెన్‌హేగన్ నుండి బ్యాంకాక్ చేరినది. ఆ యేడే అమెరికా పర్యటించినాడు. వెలుపల కీర్తి వెలుగుచున్నది. లోపల ఇల్లు అప్పులలో మునిగినది. ఎవరికిని చెప్పలేదు.

1913 సెప్టెంబరు 29 సాయంకాలము ఆంట్‌వెర్ప్ రేవులో డ్రెస్డెన్ అను ఓడనెక్కి ఇంగ్లండుకు బయలుదేరినాడు. తోటివారితో భోజనము చేసి, రాత్రి పది గంటల ప్రాంతమున తన గదికి పోయినాడు. ప్రొద్దున ఆరుంబావుకు లేపుమని చెప్పి పోయినాడు. తెల్లవారి చూడగా పక్క నలుగలేదు. రాత్రి ధరించు దుస్తులు పరచినవి పరచినట్లే యున్నవి. టోపీ, పైకోటు ఓడ వెనుక కటకటాల వద్ద దొరికినవి. దినచర్య పుస్తకములో ఆనాటి తేదీ వద్ద చిన్న కొరతగుర్తు మాత్రము కలదు. పది దినముల తరువాత ఒక డచ్చి పడవవారు ఉత్తరసముద్రములో తేలుచున్న దేహమును చూచి, జేబులోని వస్తువులను తీసికొని, దేహమును మరల కడలికే విడిచినారు. ఆ వస్తువులు తన తండ్రివని కుమారుడు ఔజెన్ గుర్తించినాడు. ఆత్మహత్యయనువారు, ప్రమాదమనువారు, హత్యయనువారు నేటికిని కలరు. అప్పులను, ఆ గుర్తును చూచిన పెక్కుమంది మొదటిదే నమ్మినారు. సముద్రగర్భమున బడబాగ్ని కలదని మన పురాణములు చెప్పినవి. అట్టి అగ్నియే ఒకటి ఆ రాత్రి సముద్రములో చల్లారినది. ఆతని వయస్సు ఏబది అయిదు.

తన ఇంజను లారీలలో స్థిరపడుట ఆతడు చూడలేదు. 1924లో జర్మనీలో డీజిల్ లారీలు ప్రదర్శనకు వచ్చినవి. 1927లో బాష్ సంస్థ నూనెను కొలిచి చిమ్ము పంపును అమ్మకమునకు తెచ్చిన తరువాత అవి దారులన్నియు ఆక్రమించినవి. మన దేశములో 1946లో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ సంస్థ, 1954లో టాటా డీజిల్ లారీలు వచ్చినవి. మా పెదనాయన బావిమీది చప్పుడును, అడవిదారిన సాగు చప్పుడును ఔగ్స్‌బర్గ్‌లో 1894లో ఒక్క నిముసము వినిపించిన ఆ చప్పుడు సంతతియే.

మొన్న ఒక సాయంకాలము ఊరి పొలిమేరలో మరల అట్టి లారీయే ఆగియున్నది. డ్రైవరు అరగంట ఓపికపట్టినాడు. ఆవిరి తగ్గిన తరువాత మూతమీద తడిగుడ్డ వేసి, కొంచెము త్రిప్పి, పీడనము పోవువరకు ఆగి, ఇంజనును నెమ్మదిగా తిరుగనిచ్చుచు కొద్దికొద్దిగా నీరు పోసినాడు. పగిలిన గొట్టానికి కట్టు కట్టి, షెడ్డుదాక పోవుటకు ఇది చాలునని క్లీనరుకు చెప్పినాడు. లారీ కదలి మెదకు వైపు పోయినది. ఆ అరగంట రుడాల్ఫ్ డీజిల్‌కు జీవితములో ఎవరును ఇవ్వలేదు, ఆతడును అడుగలేదు.